పదో గాజు

భావనారాయణ మాస్టారు పోయిన రోజున పిల్లలు ఆట మధ్యలో ఆపలేదు. ఆయన హాల్లో గోడకు చేరగిలబడి, స్టూలు మీద, ఒళ్ళో డ్రమ్ మెషిన్ పెట్టుకుని కూర్చుని ఉన్నారు. తల కొంచెం పక్కకు వాలింది. భోజనమయ్యాక అలా ఒక కునుకు తీయడం ఆయనకు అలవాటే. పదహారు మంది ఆడపిల్లలు ఎదురెదురుగా కోలలు తగిలిస్తూ, గిర్రున తిరుగుతూ, మళ్ళీ తగిలిస్తూ కోలాటం చివరిదాకా ఆడారు. ముంజేతికున్న గాజుల్లో దరువు పడుతూనే ఉంది. ముక్తాయింపు కూడా ఎక్కడ పడాలో అక్కడే పడింది. అది అయ్యాక రెండు చేతులూ పైకెత్తి, వేళ్ళు ఆడిస్తూ మెచ్చుకోవడం ఆయన పద్ధతి. ఆ రోజు చేతులు లేవలేదు.

ఆయన భార్య వకుళ అదే బడిలో తెలుగు టీచరు. పక్క గదిలో పాఠం చెబుతోంది. ఉన్నట్టుండి గదిలో లైటు ఆరుతూ వెలుగుతూ ఆరుతూ వెలుగుతూ ఉంది. అది చెవులు వినపడని పిల్లల బడి. అక్కడ ఎవరినైనా పిలవాలంటే స్విచ్చి వేసి తీస్తారు. కానీ అన్నిసార్లు ఎవరూ వేసి తీయరు. ఆమె సుద్దముక్క బల్ల మీద పెట్టి, చీర కొంగుకు చేతులు తుడుచుకుని బయటికి వచ్చింది.

ఆ హడావుడిలో ఎవరో మెషిన్ తీగ పీకేశారు. ఎవరు పీకారో ఆ తర్వాత ఎవరూ అడగలేదు.

*

ఆ మెషిన్ సంగతి కొంచెం చెప్పుకోవాలి. బాపట్ల నుంచి సముద్రం వైపు పోయే దారిలో ఆ బడి మునుపు పాత పెంకుటింట్లో ఉండేది. అక్కడ నేలంతా చెక్క. మాస్టారు మూల కూర్చుని పెద్ద డోలు మోగిస్తే దరువు చెక్కల్లోంచి పాకి పిల్లల అరికాళ్ళకు అందేది. ఆ పిల్లలు పాదాలతో విని కోలాటం ఆడేవాళ్ళు. తర్వాత కొత్త భవనం కట్టారు. అందరూ సంతోషించారు. తీరా చూస్తే నేల నిండా నున్నటి టైల్సు. మాస్టారు చేతులు వాచేలా డోలు కొట్టినా ఒక్క పిల్ల కాలు కదల్లేదు.

ఆయన డ్రిల్లు మాస్టారే గాని, చేతికి దొరికిన ప్రతిదాన్నీ విప్పి చూసే మనిషి. పాలిటెక్నిక్‌లో లాబ్ చూసే షరీఫ్ ఆయనకు స్నేహితుడు. ఇద్దరూ కలిసి రెండేళ్ళు ఆ లాబ్‌లోనే కాపురం పెట్టారు. చివరికి పదహారు గాజులు చేశారు. చూడ్డానికి వెడల్పాటి రబ్బరు పట్టీలు. పిల్లలు వాటిని గాజులన్నారు, అదే పేరు నిలిచింది. డ్రమ్ మెషిన్ మీద మాస్టారు అరచేయి వేస్తే గాజు తొడుక్కున్న చేతి మీద అరచేయి పడినట్టుండేది. వేలికొసతో తాటిస్తే వేలికొసే తగిలేది. అంతటితో ఆగలేదు. పిల్లల కోల కోలకు తగిలినప్పుడల్లా ఆ దెబ్బ గాజులోంచి తిరిగి మెషిన్‌కు చేరేది. ఎవరు వెనకబడ్డారు, ఎవరు తొందరపడ్డారు అన్నది చూసుకుని మాస్టారు చెయ్యి మార్చేవారు. ఆయన ఎప్పుడు మారుస్తున్నారు, ఎందుకు మారుస్తున్నారు అన్నది మెషిన్ నేర్చుకునేది. కొన్నాళ్ళకు ఆయన చెయ్యి తీసేసినా అది వాయిస్తూ పోయేది. అచ్చం ఆయనలాగే, తప్పటడుగు వేసిన పిల్ల కోసం ఆగి మరీ.

ఆయన కునుకు తీయగలిగింది అందుకే.

*

బడి మళ్ళీ మామూలుగా నడవడం మొదలుపెట్టాక పిల్లలు వకుళ చుట్టూ చేరారు. విజయవాడలో పోటీ ఉంది. పేర్లు అప్పుడెప్పుడో ఇచ్చేశారు. మెషిన్ వెయ్యండి టీచర్, అన్నారు చేతులతో. వకుళకు కోలాటం రాదు. పెళ్ళయిన కొత్తలో మాస్టారు నేర్పబోయి, కోల తన ముక్కు మీద పడ్డాక మానుకున్నారు. మెషిన్ సంగతి అసలే తెలియదు. తీగ పెట్టి బటన్ నొక్కితే చిన్న తెర వెలిగింది గాని, గాజులు ఉలకలేదు, పలకలేదు.

ఆమె షరీఫ్‌కు ఫోన్ చేసింది.

"తీగ పీకితే సెట్టింగులన్నీ పోయినయ్ వదినా," అన్నాడు షరీఫ్. "అన్న చెయ్యి లోపల భద్రంగానే ఉంటది, అదేం పోదు. దారులే పోయినయ్. తెర మీద మిడి అని ఉందా?"

"ఉంది. మిడి అంటే?"

"వాయిద్యాలు ఒకదాంతో ఒకటి మాట్టాడుకునే భాష. శబ్దం పంపదు వదినా. ఏ దెబ్బ, ఎంత గట్టిగా, ఎప్పుడు. ఆ మూడే పంపుద్ది."

"అంటే శబ్దం గురించి మాట్లాడే భాషలో శబ్దం ఉండదన్నమాట."

"ఉండదు."

"మా పిల్లల భాషే అది," అంది వకుళ. చాలా రోజుల తర్వాత ఆమె గొంతులో నవ్వులాంటిది వినపడింది.

"ఆ భాషలో పదహారు చానెళ్ళు వదినా. పదహారు వీధులనుకో. ఒక్కో గాజుకి ఒక్కో వీధి. గాజు ఎనక బుడిపె నొక్కి పట్టుకో, నంబరు వస్తది. ఒకటో గాజుకి ఒకటి, రెండో గాజుకి రెండు, అట్టా పెట్టుకుంటా పో. తర్వాత క్లాక్ అని ఉంటది, దాన్ని ఆన్ చెయ్యి. క్లాక్‌కి వీధులతో పన్లేదు, అన్ని గాజులకీ పోద్ది. గాజులన్నీ ఒక్కసారే కొట్టుకుంటే పని అయినట్టే."

తెలుగు టీచరు కదా, పద్ధతిగా చేసింది. పదహారు గాజులూ బల్ల మీద వరుసగా పెట్టి, ఒక్కోదానికి నంబరు పెట్టి, క్లాక్ నొక్కింది. పదహారు గాజులూ బల్ల మీద ఒక్కసారిగా టకటకమన్నాయి. చూస్తున్న పిల్లలు చేతులు పైకెత్తి వేళ్ళు ఆడించారు. ఆమెకు పదో తరగతి పరీక్ష ప్యాసయినంత పనయింది.

ఆ పూటే గాజులు పంచింది. పదోది కెజియాకు వచ్చింది.

*

ఆ బడిలో ప్రతి మనిషికీ చేతితో పెట్టే ఒక పేరుంటుంది. పిల్లలే పెడతారు. కెజియా పేరు బుగ్గ మీద వేలితో ఒక సొట్ట. వకుళ పేరు ముక్కు మీద సుద్దపొడి దులుపుకోవడం. భావనారాయణ మాస్టారి పేరు మీసం.

సాధన మొదలైన మొదటి వారంలోనే కెజియా తప్పులు మొదలయ్యాయి. అందరూ బుద్ధిగా, క్లాక్ ఎలా కొడితే అలా, గడియారం ముళ్ళలా ఆడుతున్నారు. కెజియా ఒక్కతే అందరికంటే రవ్వంత ముందు తిరుగుతుంది. ఒకచోట ఆగకూడనిది ఆగుతుంది. ఇంకోచోట ఎవరూ వెయ్యని చిన్న అడుగొకటి వేసి, తనలో తనే ముసిముసిగా నవ్వుకుంటుంది. ఆమె ఎదుట ఆడే జోడీ భ్రమరాంబ. ఆ అమ్మాయి కోల చాపేసరికి అక్కడ కెజియా కోల ఉండదు. లేదా అనుకోని చోట ఉండి వేళ్ళ మీద పడుతుంది.

మూడోసారి వేళ్ళు చితికాక భ్రమరాంబ కోలలు కింద పడేసింది.

"నీకు కళ్ళు కూడా పోయాయా?" అంది చేతులు ఝాడించి.

"నీ చేతులకే ప్రాణం లేదు," అంది కెజియా. "రోకలి దంచుతున్నట్టు ఆడుతున్నావు."

"అందరం అలాగే ఆడుతున్నాం. పదిహేను మందిమి తప్పు, మహారాణి ఒక్కతే ఒప్పు."

"అవును."

వకుళ ఇద్దరి మధ్యకూ వచ్చింది. కెజియా గబగబా ఆమె వైపు తిరిగి పై పెదవి మీద రెండు వేళ్ళు పెట్టి మీసం దిద్దింది. ఆ పేరు చూడగానే వకుళ కళ్ళు చెమర్చాయి. పిల్లకు మాస్టారు గుర్తొస్తున్నారు కాబోలు, పాపం, అనుకుంది. పిల్లల ముందు కళ్ళు తుడుచుకోవడం ఇష్టం లేక తల తిప్పేసుకుని, కెజియా భుజం తట్టింది.

చేతులతో మాట్లాడేవాళ్ళ ముందు తల తిప్పుకుంటే చెవులు మూసుకున్నట్టే. మీసం తర్వాత కెజియా చేతులు ఇంకా చాలాసేపు కదిలాయి. వకుళ చూడలేదు. తిరిగి చూసేసరికి ఆ పిల్ల చేతులు దించేసి, మూతి ముడుచుకుని నిలబడి ఉంది.

అలా మూడు నాలుగుసార్లు జరిగింది. కెజియా మీసం దిద్దడం, వకుళ భుజం తట్టి అటు తిరగడం.

చివరికి ఒక శుక్రవారం వకుళ కెజియాను ఆటలోంచి తీసి బెంచీ మీద కూర్చోబెట్టింది. ఆ పిల్ల చేతికున్న పదో గాజు తీసి, తన గాజుకు పట్టీ వదులయిందన్న భ్రమరాంబకు తొడిగింది. భ్రమరాంబ గాజుకు మంచి పట్టీ వేసి, కొత్తగా వచ్చిన పిల్లకు ఇచ్చింది.

ఆట మొదలయింది. ఒక చుట్టు బాగానే తిరిగారు. రెండో చుట్టులో భ్రమరాంబ అందరికంటే రవ్వంత ముందు తిరిగింది. ఆగకూడని చోట ఆగింది. మొహం పాలిపోయింది. ఆ తర్వాత ఎవరూ వెయ్యని ఆ చిన్న అడుగు వేసి, ముంజేతిని రెండో చేత్తో పట్టుకుని, పడీ పడీ నవ్వడం మొదలుపెట్టింది.

బెంచీ మీద కెజియా కాళ్ళు ఊపుకుంటూ కూర్చుంది. ఆమె మొహంలో ఉన్న తృప్తి వర్ణించడానికి మాటలు చాలవు.

వంటమనిషి రోశమ్మ గుమ్మంలో నిలబడి చూస్తోంది. ఆ బడిలో చెవులు వినపడేవాళ్ళలో ఆమె ఒకతె.

"ఆ గాజుకేదో పట్టిందమ్మగారూ," అంది. "ఏపాకు మండ తేనా?"

"ఆగు రోశమ్మా," అంది వకుళ. కెజియా దగ్గరికి వెళ్ళి, ఎదురుగా నేల మీద కూర్చుంది. "చెప్పు," అంది చేతులతో. ఈసారి తల తిప్పుకోలేదు.

కెజియా తీరిగ్గా చెప్పింది. మీసం. తర్వాత ముంజేతి మీద వేలు పెట్టింది. "ఇక్కడ ఉన్నారు. మొదటి రోజు నుంచీ చెబుతున్నాను. మీరు చూడరు."

*

వకుళ ఆ సాయంత్రం షరీఫ్‌కు ఫోన్ చేసి విషయం చెబితే అవతల నుంచి నెత్తి కొట్టుకున్న చప్పుడు వినపడింది.

"తప్పు నాది వదినా. డ్రమ్ము ఎప్పుడూ పదో చానెల్‌లోనే పోద్ది. లోకం మొత్తంలో అదే ఆనవాయితీ. అన్న ఉన్నప్పుడు గాజులన్నీ ఆమ్నీలో పెట్టాడు. ఆమ్నీ అంటే ఏ వీధిలో మాట్టాడినా అందరికీ ఇనపడుద్ది. తీగ పీకేసరికి అది పోయింది. మిగతా పదిహేను మందికీ ఒట్టి క్లాకే పోతంది. గోడ గడియారం. అన్న చెయ్యి పదో గాజు ఒక్కదానికే అందుతంది."

"ఇన్నాళ్ళూ?"

"ఇన్నాళ్ళూ. సోమారం వచ్చి సరిచేస్తా. నువ్వేం ముట్టుకోబాక."

ముట్టుకోనని ఒప్పుకుంది గాని, మెషిన్‌నీ పదో గాజునూ సంచిలో పెట్టుకుని ఇంటికి తెచ్చుకుంది. రెండు రోజులు వాటిని తెరవలేదు. ఆదివారం ఉదయం టిఫినయ్యాక, బెండకాయలు కడిగి, పీట ముందేసుకుని కూర్చున్నప్పుడు, వంటింటి గట్టు మీద మెషిన్ పెట్టి బటన్ నొక్కింది. గాజు తొడుక్కుంది.

ముందు ఏమీ లేదు. కత్తి తీసుకుని ఒక బెండకాయ తరిగింది. టక్, టక్, టక్. కత్తి పీటకు తగిలిన దెబ్బ మెషిన్‌కు చేరి ఉంటుంది. ముంజేతి మీద అరచేయి పడింది. మెత్తగా, కొంచెం ఎడమకు ఒరిగి. ఆయన కుడి బొటనవేలు చిన్నప్పుడెప్పుడో క్రికెట్ బంతి తగిలి వంకరపోయింది. అందుకే ఆ దెబ్బ ఎప్పుడూ అలా ఒరుగుతుంది.

ఆమె కత్తి ఆగింది. అరచేయి కూడా ఆగింది. ఎదురుచూస్తోంది.

ఇంకో బెండకాయ తీసుకుంది. తరగడం మొదలుపెట్టగానే చెయ్యి అందుకుంది. ఆమె తొందరపడితే అదీ తొందరపడింది. చివర తొడిమ దగ్గర ఆమె కొంచెం ఆగినప్పుడు, వేలికొసలతో రెండు చిన్న తాటింపులు గబగబా పడ్డాయి. అవేమిటో ఆమెకు తెలుసు. ఆమె ఏదైనా పని తడబడుతూ చేస్తుంటే ఆయన వెనక నుంచి వచ్చి, తలుపు మీదో, గిన్నె మీదో, కుర్చీ చేతి మీదో సరిగ్గా అలాగే రెండు తాటించేవారు. ఏంటండీ అది అని విసుక్కుంటే, ఏం లేదు, నవ్వుతున్నాను అనేవారు. మీసం చాటున నవ్వు కనపడదని ఆయన కనిపెట్టిన ఉపాయం అది.

ఆ పూట వకుళ ఇంట్లో ఉన్న బెండకాయలన్నీ తరిగింది. తర్వాత దొండకాయలు. తర్వాత తనొక్కదానికి అక్కర్లేనన్ని ఉల్లిపాయలు. ఉల్లిపాయలు తరిగేటప్పుడు ఏడిస్తే ఎవరికీ లెక్క చెప్పక్కర్లేదు. పొయ్యి మీద పెట్టిన కూర మాడిపోయింది. రోశమ్మ ఏదో పని మీద వచ్చి గిన్నెల్లో కుప్పలు చూసి, "ఎవరికమ్మగారూ, పెళ్ళా?" అంది.

"పచ్చడి పెడదామని," అంది వకుళ.

"బెండకాయ పచ్చడా?"

"పెడితే అవుతుంది."

రోశమ్మ ఉల్లిపాయలు సగం కొంగులో పోసుకుని వెళ్ళిపోయింది.

*

సోమవారం ఉదయం గాజు తిరిగి కెజియాకు తొడిగి ఆడమంది. కెజియా ఒక చుట్టు తిరిగి, ఆగి, మొహం చిట్లించింది.

"మీసానికి ఏమయింది? వంట చేస్తున్నట్టున్నారు."

"అంటే?"

కెజియా ఒక చేతిని పీటగా, రెండోదాన్ని కత్తిగా చేసి చూపించింది. టక్, టక్, టక్. చివర్న కొంచెం ఆగడం.

వకుళకు ఒక్క క్షణం సిగ్గేసింది, దొంగతనంగా వెన్న తిన్నట్టు. ఆ వెంటనే భయమేసింది. ఒక్క పూట. ఒక్క పూట తను తొడుక్కుంటేనే ఆయన చెయ్యి అంత మారింది.

షరీఫ్ మధ్యాహ్నం వచ్చాడు. మెషిన్ తెర అంతా వెతికి, కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని కూర్చున్నాడు.

"నేర్చుకునేది ఇంకా ఆన్‌లో ఉంది వదినా. మునుపు అన్న చేతి నుంచే నేర్చుకునేట్టు పెట్టాం. ఇప్పుడు పదో గాజు ఎవరు తొడుక్కుంటే వాళ్ళ దగ్గర నేర్చుకుంటంది. ఇన్నాళ్ళూ కెజియా దగ్గర. నిన్న నీ దగ్గర."

"మరి అందరికీ ఆమ్నీ పెడితే?"

"పదహారు మంది దగ్గరా నేర్చుకుంటది. పిల్లలు రోజూ ఆడతారు గదా. కొన్నాళ్ళకి..." అతను మళ్ళీ తెర వైపు తిరిగాడు.

"ఆయన ఉండరు," అంది వకుళ.

"ఉంటాడు. మజ్జిగలో పాలున్నట్టు ఉంటాడు." తన పోలిక తనకే నచ్చక తల గోక్కున్నాడు. "ఇంకో దారుంది. నేర్చుకోవటం ఆపేద్దాం. ఇప్పుడున్నది ఇప్పుడున్నట్టే ఉండిపోద్ది. అందరికీ అదే పంపుదాం. ఇష్టం నీది."

ఇంతకాలంగా ఎవరూ ఆమెను ఇష్టం నీది అనలేదు. ఆసుపత్రి వాళ్ళు, చుట్టాలు, పెన్షను ఆఫీసు వాళ్ళు, అందరూ ఇలా చెయ్యాలమ్మా అనే అన్నారు. ఆమె కాసేపు కిటికీలోంచి సరుగుడు తోట వైపు చూసింది.

"ఆపెయ్యి," అంది.

షరీఫ్ ఆపాడు. గాజులన్నిటికీ ఆమ్నీ పెట్టాడు. పిల్లలు వరుసలు కట్టారు; ఊరికి వెళ్ళిపోయిన ఒక పిల్ల చోట కొత్తపిల్ల నిలబడింది. మొదటి దెబ్బకే పదిహేను మొహాలు ఒక్కసారిగా మారిపోయాయి. ఒక పిల్ల కోల వదిలేసి మీసం దిద్దింది. పక్కపిల్ల దిద్దింది. హాలంతా మీసాలే. భ్రమరాంబ కెజియా దగ్గరికి వెళ్ళి బుగ్గ గిల్లి, "నాకు ముందే చెప్పొచ్చుగా," అంది. "నీ వేళ్ళ మీద కొట్టి మరీ చెప్పానుగా," అంది కెజియా.

ఆట మొదలయింది. వకుళ స్టూలు మీద కూర్చుని చూసింది. ముందు అంతా ముచ్చటగానే ఉంది. కాసేపటికి కొత్తపిల్ల అడుగు తప్పింది. మామూలుగా అయితే దరువు ఆ పిల్ల కోసం ఆగాలి. ఆగలేదు. ఆ పిల్ల పరుగెత్తి కలవబోయి ఇంకొకతెకు గుద్దుకుంది. దరువు సాగిపోతూనే ఉంది. తిరగవలసిన చోట తిరగమంది, ఎవరూ తప్పు చెయ్యని చోట రెండు తాటించి నవ్వింది. పిల్లలు ఒక్కొక్కరే నెమ్మదించారు. చివరికి కెజియా ఆగి, వకుళ దగ్గరికి వచ్చింది.

"ఇప్పుడు ఫోటోలా ఉన్నారు," అంది. "మన వైపే చూస్తారు. కానీ మనల్ని చూడరు."

వకుళ ఇంట్లో హాల్లో దండ వేసిన ఫోటో ఉంది. రోజూ ఉదయం ఆమె దాని ముందు నిలబడుతుంది. ఆ పిల్ల చెప్పింది ఎంత నిజమో ఆమెకు ఎవరూ వివరించనక్కర్లేదు.

"షరీఫ్," అంది. "ఆయన ఇన్నేళ్ళూ ఈ పిల్లల అడుగులు చూసి కదా చెయ్యి మార్చుకుంటూ వచ్చింది? పెళ్ళినాటికి ఆయన చెయ్యి ఇలా ఉండేదా?"

"ఎక్కడ వదినా. మొదట్లో అన్న దరువేస్తే గేదెలు తాళ్ళు తెంపుకుపొయ్యేయి."

ఆమె నవ్వింది. ఈసారి నిజంగానే. "అయితే మార్చుకోనీ. నేర్చుకునేది ఆన్ చెయ్యి."

షరీఫ్ బటన్ మీద వేలు పెట్టి ఆగాడు. "ఒక్క పని చెయ్యి వదినా. మెషిన్ మనసు మొత్తాన్ని నకలు తీసి కంప్యూటర్లో దాచిపెట్టుకోవచ్చు. తీగ ఇచ్చి పోతా. కాకపోతే మిడి దారి ఇరుకు, నిదానంగా పోద్ది. ఓ పగలంతా మెషిన్ని ఎవరూ కదపగూడదు. ఎంత తొందరగా తీస్తే అన్న అంత దొరుకుతాడు."

"తీస్తాను," అంది వకుళ.

అతను బటన్ నొక్కాడు.

*

విజయవాడలో పెద్ద హాలు. ముందు ఆడిన బృందానికి లౌడు స్పీకర్లు, పాటలు, ఈలలు. ఆ తర్వాత వీళ్ళు వచ్చారు. నిశ్శబ్దం. పదహారు జతల కోలల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. జనం మైకు పాడయిందేమోనని వెనక్కి తిరిగి చూశారు. ముగ్గురు న్యాయనిర్ణేతల్లో పెద్దాయన, పట్టు కండువా కప్పుకున్న సంగీతం మేష్టారు, వకుళను దగ్గరికి పిలిచి గొంతు తగ్గించి అడిగారు.

"ఏవమ్మా, తాళం ఎవరిస్తున్నారు? ఇంత ఒద్దికగా ఎట్లా పడుతోంది?"

వకుళ తన చేతికున్న గాజు తీసింది. అది షరీఫ్ కొత్తగా చేసిన పదిహేడోది, తిరిగి ఏమీ పంపదు, వినడానికే. దాన్ని ఆయన ముంజేతికి తొడిగింది. పెద్దాయన భృకుటి ముడివడింది. తర్వాత విడివడింది. తల ఊగడం మొదలయింది. ఇంకాసేపటికి బల్ల మీద వేళ్ళు తాళం వేస్తున్నాయి. మూడో వరుసలో కొత్తపిల్ల తడబడింది. దరువు ఆగి, ఆ పిల్లను కలుపుకుని సాగింది. వెంటనే రెండు చిన్న తాటింపులు.

"ఇదేమిటమ్మా?" అన్నారు పెద్దాయన, ఉలిక్కిపడి.

"నవ్వేనండి అది."

"ఎవరిది?"

వకుళ వేదిక వైపు చూసింది. గాజు తన చేతికి లేకపోయినా ఆమెకు తెలుసు, ఆ రెండు తాటింపుల తర్వాత ఇప్పుడు మూడోది ఒకటి పడుతోంది, తేలిగ్గా, ఎగిరినట్టు. అది కెజియా అడుగు. తిరిగే ముందు ఆగే ఆ చిన్న విరామం, అది పీట మీద తొడిమ దగ్గర ఆగిన కత్తి. అరచేయి మాత్రం ఇంకా కొంచెం ఎడమకు ఒరుగుతోంది.

"అందరిదీనండి," అంది.

రెండో బహుమతి వచ్చింది. మొదటిది రావాల్సిందని భ్రమరాంబ బస్సులో దారి పొడుగునా చేతులతో వాదించింది. పక్కసీటు ముసలాయన రెండుసార్లు ముక్కు కాచుకుని, మూడోసారి లేచి వెళ్ళి డ్రైవరు వెనక కూర్చున్నాడు.

ఆ తర్వాత మెషిన్‌కు తీరికన్నది లేకుండా పోయింది. ఉదయం పెద్దపిల్లలు ఆడతారు, సాయంత్రం చిన్నపిల్లలు నేర్చుకుంటారు. సెలవు రోజుల్లో హాస్టలు పిల్లలు గాజులు తొడుక్కుని బట్టలు ఉతుకుతారు. రోశమ్మ కూడా ఒకరోజు పప్పు రుబ్బుతూ తొడుక్కుని, ఎవరితోనూ చెప్పొద్దని వకుళతో చెప్పింది. అప్పుడప్పుడూ ఆదివారం ఉదయం ఒక్క గంట మెషిన్ వకుళ వంటింటి గట్టు మీద ఉంటుంది. ఎడమకు ఒరగడం ఇప్పుడు కొంచెం తగ్గింది. షరీఫ్ ఎదురుపడినప్పుడల్లా నకలు తీశావా వదినా అని అడుగుతాడు. అతనిచ్చిన తీగ బల్ల మీద చుట్ట చుట్టినట్టే ఉంది. ఈ వారం తీస్తానని ఆమె ప్రతిసారీ చెబుతుంది.

ఇంకా తీయలేదు.